లేపి కొట్టాలా, పట్టుకుని ఆడాలా?

ఈ నెల మన శీర్షికకి వచ్చిన ప్రశ్నల్లో క్రికెట్ కంటే ఫుట్‌బాల్ ప్రశ్నలే ఎక్కువ ఉన్నాయి. వేసవి క్యాంపుల పుణ్యం అనుకుంటా. అన్నీ చుట్టూ తిరిగి ఒక్కచోటికే వస్తున్నాయి. పిలకాయలకి చిన్న చిన్న పాస్‌లతో బంతిని మన దగ్గరే ఉంచుకుని ఆడటం నేర్పాలా, దొరికినప్పుడల్లా లేపి ముందుకు కొట్టడం నేర్పాలా అని. అందుకే ఈసారి మిగతా ఆటలన్నీ పక్కన పెట్టేశా. కబడ్డీ వాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: సార్, నమస్తే. తిరుపతిలో పన్నెండేళ్ల లోపు పిల్లలకి పొద్దున పూట కోచింగ్ ఇస్తుంటాను. రెండేళ్లుగా గోల్‌కీపర్ దగ్గర్నుంచి కింద కింద పాస్‌లతోనే ఆడిస్తున్నా. మొన్న ఒక టోర్నమెంటులో అవతలి టీమ్ వాళ్లు వెనకనుంచి లేపి కొట్టడం, ముందున్న ఒక పొడుగు పిల్లాడు పరుగెత్తడం, అంతే. 5-0తో ఓడిపోయాం. అందులో రెండు మా గోల్ దగ్గర మేం పాస్ ఇచ్చుకుంటూ పోగొట్టుకున్నవే. తల్లిదండ్రులు 'మీ పాస్‌లు చాల్లే సార్, ముందు గెలిపించండి' అంటున్నారు. నేను తప్పు చేస్తున్నానా?
— ఓ కోచ్, తిరుపతి

జవాబు: తప్పు చేయట్లేదు తమ్ముడూ. కాకపోతే సగమే నేర్పుతున్నారేమో అని నా అనుమానం. కొంచెం వివరంగా రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ ఐదు గోల్స్ సంగతి. పెద్దవాళ్ల గోల్‌పోస్టు వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. నాలుగున్నర అడుగుల పిల్లాడు అందులో నిలబడితే కల్యాణమండపం గేటు దగ్గర చంటోడిని కాపలా పెట్టినట్టు ఉంటుంది. పైనుంచి వచ్చిన ఏ బంతైనా వాడి తల మీదుగా లోపలికి పోవాల్సిందే. ఇంగ్లండ్‌లో పన్నెండేళ్ల లోపు వాళ్లని తొమ్మిది మంది చొప్పున, చిన్న మైదానంలో చిన్న గోల్స్‌తో ఆడిస్తారు, ఇంకా చిన్నవాళ్లయితే ఏడుగురు, ఐదుగురు. మన దగ్గరేమో పదేళ్ల పిలకాయల్ని కూడా పదకొండు మందిని పెద్ద మైదానంలోకి తోలేసి, ఆడండ్రా అంటాం. ఆ ఏర్పాటులో లేపి కొట్టేవాడు గెలవడంలో వింతేముంది? ఆ వయసు డిఫెండర్‌కి గాల్లో వస్తున్న బంతి ఎక్కడ పడుతుందో అంచనా ఉండదు. అది నేల మీద పడి ఒక్క గెంతు గెంతి వాడి నెత్తి మీదుగా పోయిందంటే, వెనక ఆ పొడుగు పిల్లాడు సిద్ధంగా ఉంటాడు. ఒకే వయసు విభాగంలో జనవరిలో పుట్టినవాడికీ డిసెంబరులో పుట్టినవాడికీ దాదాపు ఏడాది తేడా. పదేళ్ల వయసులో ఏడాది అంటే చిన్న విషయమా! ఒకడికి అప్పుడే కండ వస్తుంటుంది, ఇంకొకడికి పాలపళ్లు ఊడుతుంటాయి.

నేనూ అదే పని చేశాను, దాచుకోవడం ఎందుకు. సర్వీసులో కొత్తలో ఒక హైస్కూల్లో నా దగ్గర అలాంటి పిల్లాడే ఒకడు ఉండేవాడు, ఎనిమిదో తరగతికే మీసం. అందరికీ ఒకటే మాట చెప్పేవాణ్ణి, 'బంతి దొరికితే వాడి వైపు లేపండి'. ఆ ఏడాది మాకు ఎదురులేదు. రెండేళ్లు తిరిగేసరికి మిగతా స్కూళ్ల పిల్లలూ పొడుగయ్యారు, గోల్‌కీపర్లకి చేతులు పైదాకా అందటం మొదలైంది, మా వాడికేమో బంతిని కాలి దగ్గర ఆపుకోవడం రాదు, వీపు మీద ఎవడైనా ఉంటే తిరగడం రాదు. వాడి తప్పు కాదు, నేను నేర్పలేదు. పదో తరగతిలో ఆట మానేశాడు. ఇప్పటికీ రేణిగుంట రోడ్డులో ఎదురైతే 'సార్' అని నవ్వుతూ పలకరిస్తాడు, నాకే మనసు చివుక్కుమంటుంది.

ఇక మీరు నేర్పకుండా వదిలేసిన ఆ సగం. మీ పిల్లలు పాస్ ఇచ్చేది చూసి ఇస్తున్నారా, మీరు చెప్పారని ఇస్తున్నారా? మీ గోల్ ముందు పోగొట్టుకున్న ఆ రెండు బంతుల్నీ ఒకసారి గుర్తు చేసుకోండి. అవతలి ముగ్గురు మీ గోల్ ముందు గీసిన పెనాల్టీ బాక్సు అంచుకి వచ్చి నిలబడి ఉంటారు, మీ గోల్‌కీపర్ అయినా సరే పక్కనున్న వాడికి ఇచ్చి ఉంటాడు, ఎందుకంటే సార్ కింద ఆడమన్నాడు. అవతలి వాళ్లు అంతమంది ముందుకు వచ్చేశారంటే వాళ్ల వెనక ఖాళీ ఉన్నట్టే కదా. అప్పుడు ఆ ఖాళీలోకి లేపి ఇవ్వడమే సరైన ఆట. 2014 ప్రపంచ కప్‌లో స్పెయిన్ మీద నెదర్లాండ్స్ వేసిన మొదటి గోల్ గుర్తుందా? డేలీ బ్లింద్ ఎడమ పక్క మధ్యగీత దగ్గర్నుంచి ఒక పొడవు బంతి వేస్తే వాన్ పెర్సీ గాల్లోకి దూకి తలతో గోల్‌కీపర్ మీదుగా లోపలికి పంపాడు. అది లాంగ్ బాలే. కానీ బ్లింద్ తల ఎత్తి చూశాకే కొట్టాడు, వాన్ పెర్సీ కూడా ఆ బంతి కోసమే పరుగు తీశాడు. మన పిలకాయలు కొట్టేది అడ్రస్ రాయకుండా పోస్టు డబ్బాలో వేసిన ఉత్తరం. నా గొడవంతా దాని మీదే, బంతి గాల్లో పోయిందా నేల మీద పోయిందా అన్నది తర్వాతి సంగతి.

కాబట్టి రేపటినుంచి 'పాస్ ఇవ్వు' అనడం తగ్గించి 'చూశావా?' అని అడగడం పెంచండి. బంతి కాలికి చేరేలోపు ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూడాలి. నేను ప్రాక్టీసులో బంతి వచ్చే పిల్లాడి వెనక నిలబడి వేళ్లు చూపిస్తా, బంతి ఆపేలోపు ఎన్ని వేళ్లో చెప్పాలి. మొదటి వారం అందరూ తప్పే చెబుతారు, నవ్వులాటగా ఉంటుంది, మూడో వారానికి మెడలు వాటంతటవే తిరుగుతాయి. తర్వాత వరస నేర్పండి: ముందుకు ఇవ్వగలిగితే ముందుకు, లేదంటే పక్కకి, అదీ లేదంటే వెనక్కి. చాలామంది కోచ్‌లు ఈ వరసని తలకిందులు చేసి పక్కకీ వెనక్కీ ఇవ్వడమే పాస్‌ల ఆట అనుకుంటారు. పదిహేను పాస్‌లు ఇచ్చి ఉన్నచోటే ఉంటే ఎవరికి లాభం?

ఇంకో చిన్న సాయం. అవతలి వాళ్లు మన గోల్ గీత బయటికి కొట్టేసిన బంతిని మన గోల్ దగ్గర్నుంచి తన్ని మళ్లీ ఆట మొదలుపెడతాం కదా, ఆ గోల్ కిక్ రూలు 2019లో మారింది, ఇప్పుడు మన వాడు పెనాల్టీ బాక్సు లోపలే బంతి అందుకోవచ్చు, బాక్సు దాటేదాకా ఆగక్కర్లేదు. అమెరికాలోనూ ఇంగ్లండ్‌లోనూ చిన్న పిల్లల మ్యాచుల్లో ఇంకా ఒకడుగు ముందుకేసి, గోల్ కిక్ తీసేటప్పుడు అవతలి టీమ్ ఒక గీత వెనక్కి వెళ్లి నిలబడాలని పెట్టారు, ఊపిరి పీల్చుకునే టైమ్ ఇవ్వడానికి. స్నేహపూర్వక మ్యాచులు పెట్టుకునేటప్పుడు మీరూ అవతలి కోచ్‌తో ఆ మాట అనుకోండి, ఎవరూ కాదనరు.

తల్లిదండ్రుల సంగతంటారా, గట్టున నిలబడి ఎక్కువ అరిచే ఆయన చేతికి ఒక నోటు పుస్తకం ఇవ్వండి. మన సగం నుంచి అవతలి సగంలోకి బంతి మన కాలితోనే ఎన్నిసార్లు దాటిందో గీతలు గీయమనండి. పని పడితే అరుపు తగ్గుతుంది, రెండు మ్యాచుల తర్వాత ఆయనే మీ తరఫున మాట్లాడతాడు. నా దగ్గర ఇది రెండుసార్లు పనిచేసింది, ఒకసారి బెడిసికొట్టింది కూడా, ఆ పెద్దమనిషి ఏకంగా కోచ్ అయిపోయాడు.

ప్రశ్న: మూడు పాస్‌ల లోపే ఎక్కువ గోల్స్ వస్తాయని ఎవరో లెక్కలు కట్టి చూపించారంట కదా సార్? మరి పిల్లలకి పది పాస్‌లు, ఇరవై పాస్‌లు అని నేర్పడం టైమ్ వేస్ట్ కాదా? నేను స్టాటిస్టిక్స్ చదువుతున్నా, అందుకే అడుగుతున్నా.
— డిగ్రీ విద్యార్థి, చిత్తూరు

జవాబు: స్టాటిస్టిక్స్ చదువుతూ ఈ ప్రశ్న అడిగావంటే మీ లెక్చరర్‌కి చెప్పాల్సిందే!

ఆ లెక్కలు కట్టినాయన చార్లెస్ రీప్. బ్రిటిష్ వైమానిక దళంలో అధికారి, చదివింది అకౌంట్స్. 1950లో స్విండన్ టౌన్ మ్యాచ్ చూస్తూ చూస్తూ విసుగొచ్చి, సెకండ్ హాఫ్‌లో పెన్సిలూ పుస్తకం తీసి ఎన్ని పాస్‌లకి ఎన్ని అవకాశాలు వచ్చాయో రాయడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి వందలాది మ్యాచులు అలాగే రాశాడు. 1968లో బెర్నార్డ్ బెంజమిన్ అనే గణాంక శాస్త్రవేత్తతో కలిసి వ్యాసం కూడా వేశాడు. దాని సారం నువ్వు చెప్పిందే, సుమారు 80 శాతం గోల్స్ మూడు పాస్‌లు, అంతకన్నా తక్కువ పాస్‌లతోనే వస్తున్నాయని. ఇంగ్లండ్‌లో కోచింగ్ పెద్దలు కొందరు ఇలాంటి లెక్కలే పట్టుకుని పిల్లలకి కూడా 'తొందరగా ముందుకు కొట్టు' అని ఏళ్లకేళ్లు నేర్పారు.

ఇప్పుడు మన చిత్తూరు లెక్కలోకి రా. మండీలో వంద మామిడికాయలు ఉన్నాయనుకో. తొంభై తోతాపురి, పది మల్గూబ. అన్నీ కోసి రుచి చూస్తే పది కాయలు అద్భుతంగా ఉన్నాయి, వాటిలో ఎనిమిది తోతాపురి, రెండు మల్గూబ. 'చూశారా, మంచి కాయల్లో 80 శాతం తోతాపురే, కాబట్టి తినడానికి అదే మేలు' అని ఎవరైనా అంటే నువ్వు ఒప్పుకుంటావా? తోతాపురిలో తొంభైకి ఎనిమిది, అంటే పదికి ఒకటి కూడా లేదు. మల్గూబలో పదికి రెండు. రీప్ లెక్కలోనూ ఇదే జరిగింది. ఆయన రాసిన మ్యాచుల్లో బంతి దొరికినప్పుడల్లా మూడు పాస్‌ల లోపే ఆ ఆట ముగిసిపోవడం 90 శాతానికి పైగా ఉంది. తక్కువ పాస్‌ల ఆట అన్ని ప్రయత్నాలు చేసి 80 శాతం గోల్సే తెచ్చుకుందంటే నిజానికి తన వాటా కంటే తక్కువే తెచ్చుకున్నట్టు. 2005లో హ్యూస్, ఫ్రాంక్స్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రపంచ కప్ మ్యాచులు తీసుకుని ఈ మెలికని విప్పి చూపించారు.

అయితే రీప్ చెప్పినదంతా తీసి పారేయకు. బంతిని అవతలి వాళ్ల గోల్ దగ్గరే లాక్కుంటే గోల్‌కి దారి దగ్గరవుతుందని ఆయన అప్పుడే పట్టుకున్నాడు, ఇప్పుడు పెద్ద పెద్ద క్లబ్బులు చేసే ప్రెస్సింగ్, అంటే మీద పడి బంతి లాక్కోవడం అంతా ఆ మాట మీదే నడుస్తోంది. లెక్క సరిగ్గానే రాశాడాయన, భాగహారం దగ్గరే తేడా వచ్చింది.

ప్రశ్న: మాది మండల కేంద్రం హైస్కూలు. గ్రౌండంతా గులకరాళ్లు, ఒక పక్క వాలు. నలభై మంది పిల్లలు, రెండు ఫుట్‌బాళ్లు. ఈ నేల మీద పాస్‌ల ఆట ఎట్ల కుదురుతుంది సార్? బంతి ఒకవైపు ఇస్తే ఇంకోవైపు పోతుంది. పైకి కొట్టడమే మేలు అనిపిస్తుంది.
— పి.ఈ.టి., చిత్తూరు జిల్లా

జవాబు: మాస్టారూ, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నాకు దగ్గరగా అనిపించింది మీదే. ఇరవై ఏళ్లు అలాంటి నేల మీదే విజిల్ ఊదాను. మోకాలి చిప్పల మీద మచ్చలు చూసి ఎవడు ఏ స్కూలో చెప్పేవాళ్లం.

గ్రౌండంతా బాగుచేయడం మన వల్ల కాదు. ఇరవై మీటర్లు పొడవు, పదిహేను మీటర్లు వెడల్పు ఉన్న ముక్క ఒకటి, ఉన్నంతలో చదునైనది ఎంచుకోండి. రోజూ మొదటి ఐదు నిమిషాలు నలభై మందీ వరసగా వంగి రాళ్లు ఏరాలి, అదే వార్మప్. నెల రోజుల్లో ఆ ముక్క మారిపోతుంది. గీతలకి ముగ్గు వాడండి, సున్నం వద్దు, కళ్లలో పడితే ప్రమాదం. గోల్స్‌కి ఇటుకలో చెప్పులో ఏవైనా చాలు.

బంతుల మాట. స్టోర్ రూము తెరిచి చూడండి, తోలు లేచిపోయిన వాలీబాళ్లు నాలుగైనా ఉంటాయి, నేర్చుకోవడానికి అవి దివ్యంగా పనికొస్తాయి. గాలి ఒక పిసరు తక్కువ కొట్టించండి, రాయి తగిలినా అంతగా గెంతదు. మ్యాచుకి మాత్రం సరిగ్గా కొట్టించిన బంతే.

ఇప్పుడు ఆట. ఐదుగురు ఐదుగురుగా విడగొట్టి దొంగాట ఆడించండి. ఎనిమిది అడుగులు వేస్తే వచ్చే చదరం, నాలుగు పక్కలా నలుగురు, మధ్యలో ఒకడు దొంగ. దొంగకి బంతి తగిలితే పోగొట్టినవాడు లోపలికి వెళ్లాలి. స్పెయిన్‌లో దీన్నే రోండో అంటారు, అక్కడి బార్సిలోనా క్లబ్బుకి నెదర్లాండ్స్ ఆటగాడు యోహాన్ క్రైఫ్ 1988లో కోచ్‌గా వచ్చాక దాని చుట్టూనే ప్రాక్టీసంతా కట్టాడు. మన పిల్లలకి ఆ పేరెందుకు, దొంగాట అంటే చాలు, నిమిషంలో అర్థమవుతుంది. మీరు చూడాల్సినవి రెండే. ఇచ్చినవాడు ఇచ్చినచోటే బిగుసుకుపోయి నిలబడుతున్నాడా, అందుకునేవాడు దొంగ నీడలో దాక్కుంటున్నాడా. దొంగ వెనక నిలబడి 'ఇవ్వరా ఇవ్వరా' అని అరిచేవాడు ప్రతి టీమ్‌లో ఉంటాడు. వాడికి బంతి ఎలా వస్తుంది? రెండడుగులు పక్కకి జరగాలని వాడికి ఎవరూ చెప్పి ఉండరు.

అది వచ్చాక నలుగురికి నలుగురు, కానీ ఒక్కో టీమ్‌కి రెండేసి చిన్న గోల్స్, మూలల్లో. ఒక గోల్ దగ్గర గుంపు చేరితే రెండోది ఖాళీగా ఉంటుంది కదా, దాన్ని ఎవడు ముందు కనిపెడతాడో చూడండి. మీరు నోరు విప్పకుండా ఐదు నిమిషాలు ఓర్చుకుంటే ఎవడో ఒకడు కనిపెడతాడు. మన పీ.డీ.లకి, అదే వ్యాయామ మాస్టార్లకి, అన్నిటికంటే కష్టమైన పని అదే, నోరు విప్పకుండా ఉండటం.

నేల బాగోలేదు కాబట్టి లేపడమే మేలు అంటారా? నా అనుభవంలో గతుకుల నేల మీద ఎక్కువ పిచ్చిగా గెంతేది పైనుంచి పడిన బంతే. ఐదారు మీటర్ల పాస్ గట్టిగా ఇస్తే రాయి తగిలినా దాదాపు వెళ్లాల్సిన చోటికే వెళ్తుంది, మెల్లగా ఇస్తేనే దారి తప్పుతుంది. బంతి గెంతినా తొడతో, ఛాతీతో, అరికాలితో తొక్కి ఆపుకోవడం అలవాటు చేయండి. అలాంటి నేల మీద ఆపుకోగలిగినవాడికి పచ్చిక మీద బంతి పెంపుడు కుక్కలా కాళ్ల దగ్గరే ఉంటుంది.

మ్యాచ్ రోజు మాత్రం మొండితనం వద్దు. మన గోల్ ముందు అడ్డంగా పాస్ ఇవ్వొద్దని గట్టిగా చెప్పండి, ఆ నేల మీద అది ఆత్మహత్యే. అక్కడ ఇరుకున పడితే లేపండి, కానీ మధ్యలోకి కాకుండా పక్క గీత వైపు లేపాలి. పడేచోటికి ముందే ఇద్దరు ముగ్గురు చేరుకోవాలి. గాల్లో బంతిని ఎవడు గెలిచినా అది చాలాసార్లు ఎవరికీ చెందకుండా కింద పడుతుంది, ఆ రెండో బంతి ఎవరిదైతే ఆట వాళ్లది. దీన్ని కూడా ప్రాక్టీసు చేయించాలి. మీరు ఒక చివర్నుంచి లేపి కొట్టండి, ఒకడు తలతోనో ఛాతీతోనో తగిలిస్తాడు, చుట్టూ ముగ్గురు ఆ పడిన బంతికి పరుగెత్తాలి. లాంగ్ బాల్ ఆడే టీమ్‌లు కూడా మన దగ్గర ఇది చేయించరు, కొట్టి దేవుడి మీద భారం వేస్తారు. పక్కనే ఏడు కొండలున్నా స్వామివారికి వేరే పనులుంటాయి కదా.

ఎండాకాలం ప్రాక్టీసు ఏడున్నరలోపు ముగించండి, మజ్జిగ గానీ అంబలి గానీ ఉంటే సంతోషం. అన్నట్టు మా తిరుపతిలో గంగమ్మ జాతర వారం వచ్చిందంటే సగం టీమ్ వేషాల్లో ఉంటుంది. ఒకసారి ఒకడు ఒళ్లంతా కుంకుమ పూసుకుని బండ వేషంలోనే గ్రౌండుకి వచ్చాడు, దొంగాటలో వాడి దగ్గర్నుంచి బంతి లాక్కోవడానికి ఒక్కడికీ ధైర్యం చాలలేదు.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు, ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. కోచ్ ఎప్పుడూ ముందే నిలబెట్టి బంతులు వాడి మీదకి లేపిస్తాడు. గోల్స్ బాగానే వేస్తున్నాడు. ఈమధ్య మోకాలి కింద నొప్పి అంటున్నాడు. కొనసాగించనా?
— ఓ తండ్రి, తిరుచానూరు

జవాబు: ముందు నొప్పి సంగతి చూడండి. ఎదిగే వయసులో ఎక్కువగా పరుగెత్తి, గెంతి, తన్నే పిల్లలకి మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బెత్తుగా వచ్చి నొప్పి రావడం మామూలే, డాక్టర్లు దాన్ని ఓస్‌గుడ్ ష్లాటర్ అంటారు. అదో కాదో డాక్టరే చెప్పాలి. నొప్పి ఉన్నా ఆడించే కోచ్ మాట వినకండి.

గోల్స్ గురించి సంతోషించండి, కానీ పైన తిరుపతి కోచ్‌కి రాసిన నా పాత కథ చదివే ఉంటారు. మీ వాడి పొడుగు ఇప్పుడు లాభం, మూడేళ్లకి అందరూ అందుకుంటారు. కోచ్ దగ్గరికి వెళ్లి గొడవపడకుండా ఒక్కటి అడగండి: 'సార్, ప్రాక్టీసు మ్యాచుల్లో అయినా మావాణ్ణి మధ్యలో ఆడిస్తారా?' మిడ్‌ఫీల్డ్‌లో నాలుగు పక్కలనుంచీ మీద పడతారు, కొన్నాళ్లు ఏమీ చేయలేక ఇంటికొచ్చి ముఖం వేలాడేసుకుంటాడు. వేలాడేసుకోనివ్వండి. ఇంటి దగ్గర గోడకి ఎడమ కాలితో రోజూ వంద సార్లు కొట్టమనండి, గోడ తిరిగి ఇచ్చిన బంతిని ఆపుకోమనండి. పక్కింటి వాళ్లతో మాట పడటం మీ వంతు.

ప్రశ్న: పాస్‌ల ఆట యూరప్ వాళ్ల ఫ్యాషన్. మన వాళ్ల ఒళ్లు, మన నేల వేరు. టీవీలో బార్సిలోనాని చూసి కోచ్‌లు మన పిల్లల్ని పాడు చేస్తున్నారని నా అభిప్రాయం.
— రిటైర్డ్ ఉద్యోగి, తిరుపతి

జవాబు: అయ్యా, మీరు నాకంటే పెద్దవారు, కానీ ఈ ఒక్క విషయంలో ఒప్పుకోలేను. బార్సిలోనా దాకా ఎందుకు, హైదరాబాద్ దాకా వెళ్దాం. సయ్యద్ అబ్దుల్ రహీం, స్కూల్ టీచర్. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌ని, 1950 నుంచి 1963లో పోయేదాకా భారత జట్టుని తీర్చిదిద్దినాయన. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఇప్పటిదాకా మనకి అంతకు మించినది లేదు. ఆయన కుర్రాళ్లకి బంతి ఎక్కువసేపు కాలి దగ్గర అట్టిపెట్టుకోకుండా వెంటనే ఇచ్చి కదలమనేవాడు, బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు కూడా పెట్టేవాడని చెబుతారు. ఒంటి బలంలో మన వాళ్లు వెనకబడి ఉన్నారు కాబట్టే బంతిని పరుగెత్తించాలి అనుకున్నాడు. మీరు చెప్పిన కారణమే, తీసుకున్న దారి వేరు.

అదే రహీం 1962 జకార్తాలో ఏం చేశాడో చూడండి. తలకి దెబ్బ తగిలి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ముందుకు పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిస్తే అందులో ఒక గోల్ జర్నైల్‌దే. పాస్‌ల గురువుకి కూడా అవసరమైనప్పుడు ముందు ఒక బలమైన మనిషి కావాల్సి వచ్చాడు.

మీ మాటలోనూ కొంత నిజం ఉంది, అది కూడా రాస్తా. 2022 ప్రపంచ కప్‌లో మొరాకో మీద స్పెయిన్ వెయ్యికి పైగా పాస్‌లు ఇచ్చి ఒక్క గోల్ వేయలేకపోయింది, చివరికి పెనాల్టీల్లో ఒక్కటీ వేయలేక ఇంటికి పోయింది. పాస్‌లు లెక్కపెట్టుకుని మురిసిపోయే కోచ్‌లని తిట్టాలంటే చెప్పండి, నేనూ మీతో గొంతు కలుపుతా.

ప్రశ్న: సార్, నేను తొమ్మిదో తరగతి. మా టీమ్‌లో మిడ్‌ఫీల్డ్ ఆడతాను. నాకు బంతి వస్తే చూసి పాస్ ఇవ్వడం ఇష్టం. కానీ సార్ గట్టు మీదనుంచి 'యాడ చూస్తా ఉండావు, కొట్టు పైకి' అని అరుస్తారు. టెన్షన్‌లో కొట్టేస్తా, బంతి పోతుంది. మళ్లీ తిట్లు.
— ఓ అమ్మాయి, పలమనేరు

జవాబు: తల్లీ, నీకు బంతి వచ్చాక చూస్తున్నావు కాబట్టి సార్‌కి ఆలస్యంగా కనపడుతోంది. బంతి నీ దగ్గరికి వస్తున్నప్పుడే, ఇంకా ముందే, రెండుసార్లు చుట్టూ చూసేయి. ఒళ్లు పూర్తిగా బంతి వైపు తిప్పకుండా సగం పక్కకి తిరిగి నిలబడి, దూరపు కాలితో ఆపుకో, అప్పుడు రెండో తాకుడుకే పాస్ వెళ్లిపోతుంది. సార్ నోరు తెరిచేలోపు బంతి అక్కడ ఉండదు. ఇలా వారం ఆడి చూడు.

ఇంకొక పని, ప్రాక్టీసు అయ్యాక, మ్యాచ్ మధ్యలో కాదు, సార్ దగ్గరికి వెళ్లి అడుగు: 'సార్, నేను పైకి కొట్టేటప్పుడు ఎవరికి కొట్టమంటారు?' ఆయన ఒక పేరు చెబితే మంచిదే, ఆ అమ్మాయితో మాట్లాడుకుని ఎటు పరుగెత్తుతుందో అనుకోండి. పేరు చెప్పలేకపోతే ఆయనే కాసేపు ఆలోచిస్తారు. ఎదురు చెప్పినట్టూ ఉండదు.

ప్రశ్న: పిల్లలకి ఏ సైజు బంతి వాడాలి? హెడ్డింగ్, అంటే తలతో బంతి కొట్టడం, ఎప్పుడు నేర్పాలి?
— శ్రీకాళహస్తి నుంచి ఒకరు

జవాబు: ఎనిమిదేళ్ల లోపు 3 నంబరు, తొమ్మిది నుంచి పన్నెండు పదమూడు దాకా 4 నంబరు, ఆ పైన 5. షాపువాడు 'ఎలాగూ ఎదుగుతాడు కదా' అని 5 నంబరు అంటగడతాడు, తీసుకోవద్దు. 410 నుంచి 450 గ్రాముల బంతిని తొమ్మిదేళ్ల పిల్లాడు తన్నాలంటే కాలి వేళ్లతో పొడవాల్సిందే, ఆ పొడిచే అలవాటు పోగొట్టడానికి నాకు ఒక్కొక్కడితో రెండేళ్లు పట్టేది.

హెడ్డింగ్‌కి తొందర లేదు. అమెరికా ఫుట్‌బాల్ సంఘం పదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకి హెడ్డింగ్ వద్దని 2015లోనే ప్రకటించింది. మొదలుపెట్టేటప్పుడు తేలికైన ప్లాస్టిక్ బంతిని దగ్గర్నుంచి చేత్తో విసిరి, కళ్లు తెరిచి నుదుటితో కొట్టించండి. నాలుగైదు సార్లు చాలు, ఆ రోజుకి ఆపేయండి.